నీళ్లలోకి దిగేముందు కెమెరాకు పరీక్ష

ఏలూరు జిల్లాలోని చింతలపూడికి సముద్రం దగ్గర్లో లేదు. పక్కన తమ్మిలేరు, దాని మీద నాగిరెడ్డిగూడెం దగ్గర కట్టిన జలాశయం ఉన్నాయి. మిగతాదంతా మెట్ట. మామిడి, ఆయిల్‌పామ్, కోకో తోటలకూ మొక్కజొన్న చేలకూ బోరే ఆధారం. అయినా నీళ్లలోకి కెమెరా దించడం ఇక్కడి రైతుకు వింతేమీ కాదు. బోరు ఇసుక పోస్తున్నా, మోటారు లోపల ఇరుక్కున్నా, నిండుగా పోసే బోరు ఒక్క ఏడాదిలో సన్నగిల్లినా, కొత్త బోరు వేయాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా అన్నది తేల్చుకోవాలి. అప్పుడు బోరు కెమెరా వాళ్లకు కబురు వెళ్తుంది. సన్నటి స్టీలు గొట్టంలో చిన్న కెమెరా, చుట్టూ ఎల్‌ఈడీ దీపాలు, ముందు గాజు, వెనక వందల అడుగుల కేబులు, గట్టు మీద ఒక తెర. సరంజామా ఇంతే.

ఆ గొట్టంలోకి నీటి చెమ్మ చేరితే ముందు బొమ్మ మసకబారుతుంది, తర్వాత సర్క్యూటు పోతుంది. అలా జరక్కుండా దించేముందే కనిపెట్టడం ఎలా? ఈ ప్రశ్న మీద ఎక్కువగా బుర్ర పెట్టినవాళ్లు సముద్రపు డైవర్లు. వాళ్ల పద్ధతుల్లో ఏవి బోరు గట్టు మీద పనికొస్తాయి, ఏవి పనికిరావు అన్నది తేల్చుకోవలసిన విషయం.

ముందు ఒత్తిడి లెక్క చూద్దాం. సరదాగా డైవింగ్ చేసేవాళ్లకు శిక్షణ సంస్థలు పెట్టిన హద్దు 40 మీటర్లు. పది మీటర్ల లోతుకు చదరపు సెంటీమీటరు మీద ఒక కిలో చొప్పున నీటి ఒత్తిడి పెరుగుతుంది. అంటే విశాఖపట్నం రుషికొండ దగ్గర దిగే డైవరు చేతిలోని కెమెరా పెట్టె మహా అయితే నాలుగు కిలోల ఒత్తిడి మోస్తుంది. ఇప్పుడు 600 అడుగుల బోరును తీసుకోండి. నీటిమట్టం 200 అడుగుల దగ్గర ఉంటే, అట్టడుగుకు చేరిన కెమెరా మీద 400 అడుగుల నీరు నిలబడి ఉంటుంది. అది 122 మీటర్లు. చదరపు సెంటీమీటరుకు 12 కిలోలు. ఐదు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గాజు మీద మొత్తం బరువు సుమారు 240 కిలోలు. సముద్రపు డైవరు కెమెరాకు మూడింతల కష్టం మామిడితోటలో దిగే కెమెరాకు ఉందన్నమాట. పరీక్షల విషయంలో మాత్రం సంగతి తలకిందులు. డైవర్లకు లీకు చూసుకోవడం నియమంలా అలవాటైంది. బోరు కెమెరా పనిలో అది ఇంకా మనిషిని బట్టే నడుస్తోంది.

నీటి ఒత్తిడికి జవాబు వెతకడం కెమెరా నీళ్లలో దిగిన తొలినాళ్లలోనే మొదలైంది. ఫ్రాన్స్‌లోని బాన్యూల్స్ తీరంలో 1893లో లూయీ బూతాన్ అనే జీవశాస్త్రవేత్త నీటి అడుగున ఫొటోలు తీశాడు. ఆయన సోదరుడు ఓగుస్త్ తయారుచేసిన లోహపు పెట్టెకు ఒక రబ్బరు బుడగ తగిలించి ఉండేది. లోతుకు వెళ్లేకొద్దీ నీరు ఆ బుడగను నొక్కుతుంది, అందులోని గాలి పెట్టెలోకి వస్తుంది, లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడితో సమానమవుతుంది. తేడా లేకపోతే నీటిని లోపలికి తోసే బలమే ఉండదు. ఎంత తెలివైన ఆలోచనో! సముద్రగర్భ యంత్రాల్లో కొన్ని భాగాలను నూనెతో నింపి, లోపలి ఒత్తిడిని బయటి నీటితో సమం చేసే పద్ధతి ఈనాటికీ ఉంది. మన పొలాల్లోని సబ్‌మెర్సిబుల్ మోటార్లలో చాలావాటిని శుభ్రమైన నీటితో నింపే దించుతారు. వాటి వైండింగ్ తీగలకు నీరు తగిలినా చెడని పొర ఉంటుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. లెన్సుకూ సెన్సరుకూ మధ్య పొడి గాలి ఉండి తీరాలి.

అందుకే కెమెరా పెట్టెల భారమంతా ఒక రబ్బరు వలయం మీద పడింది. దాన్నే ఓ-రింగు అంటారు. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్‌సెన్‌కు దీని మీద 1939లో పేటెంటు వచ్చింది. దీర్ఘచతురస్రపు గాడిలో గుండ్రటి రబ్బరు. మూత బిగించగానే అది కొద్దిగా నలిగి సందు మూస్తుంది. నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ వలయం గాడిలో ఒక పక్కకు ఒత్తుకుపోయి ఇంకా గట్టిగా మూస్తుంది. లోతు ఎక్కువైతే లీకు ఎక్కువవుతుందని అందరూ అనుకుంటారు. గాడి శుభ్రంగా ఉండి, వలయం సరిగా కూర్చుని ఉంటే లోతు దానికి సాయమే చేస్తుంది. వలయానికి ప్రమాదం ఎక్కువగా ఉండేది పైన, మొదటి కొద్ది మీటర్లలోనే. అక్కడ నీటి సాయం ఇంకా అందదు, మూత బిగింపు ఒక్కటే ఆధారం. పడవ మీంచి డైవరు దూకినప్పుడు తగిలే దెబ్బ, బోరు నోటి దగ్గర కేసింగు పైపు అంచుకు గొట్టం కొట్టుకోవడం, రెండూ అక్కడే జరుగుతాయి.

వలయం చెడేది చిన్న కారణాలకే. ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు, తుడిచిన గుడ్డ నుంచి ఊడిన నూలు పోగు చాలు. పొలంలో పుప్పొడి, ఎర్రమట్టి దుమ్ము, పురుగు మందు పొడి కూడా ఉంటాయి. పూతకాలంలో మామిడితోటలో ఏ యంత్రం మూతైనా తెరిచి పది నిమిషాలు వదిలేస్తే దాని మీద ఏమేం పడతాయో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వలయాన్ని గోరుతోనో పిన్నుతోనో తీయకూడదు. రెండు వేళ్లతో ఒక పక్కకు నొక్కితే అది ఉబ్బి పైకి లేస్తుంది, అప్పుడు పట్టుకోవాలి. వేళ్ల మధ్య మెల్లగా జరుపుతూ చుట్టూ తడిమితే, కంటికి కనిపించని కోత వేలికి తెలుస్తుంది. గాడిని టార్చి వెలుగులో ఏటవాలుగా చూడాలి.

గ్రీజు గురించి అపోహలు ఎక్కువ. గ్రీజు నీటిని ఆపదు. వలయం గాడిలో మెలి తిరగకుండా జారడానికే అది ఉన్నది. వేళ్లకు రాసుకుని వలయం మీద మెరుపు వచ్చేదాకా పూస్తే చాలు. దట్టంగా పూస్తే దుమ్ముకు పీట వేసినట్టే. మోటారు బేరింగుకు వాడే గ్రీజు వాడకూడదు, రబ్బరు ఉబ్బిపోవచ్చు. కొన్ని రకాల సిలికాన్ వలయాలకు సిలికాన్ గ్రీజే పడదు. తయారీదారు చెప్పిన గ్రీజే వాడాలి.

ఎండ ఇంకో శత్రువు. మూత బిగించి ఉంచిన పెట్టెను నెలల తరబడి వేడి గదిలోనో జీపులోనో వదిలేస్తే వలయం నలిగిన ఆకారానికే అలవాటు పడి చదునైపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా తిరిగి ఉబ్బి సందు మూయదు. పని లేని రోజుల్లో మూత వదులుగా ఉంచడం, వలయం తీసి వేరే సంచిలో పెట్టడం అందుకే. చలి వల్ల జరిగే హాని ప్రపంచమంతా చూసింది. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోవడానికి కారణం, గడ్డకట్టే చలిలో రాకెట్ కీలుకు పెట్టిన ఓ-రింగు సాగే గుణం కోల్పోవడం. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ విచారణ సంఘం ముందు ఆ రబ్బరు ముక్కను మంచు నీళ్లలో ముంచి చూపించాడు. ఏడుగురి ప్రాణాలు పోయాయి. వలయం ఏ వాతావరణంలో పని చేయాలో ఆ వాతావరణంలోనే పరీక్షించాలన్న పాఠం ఆనాడు తెలిసింది.

ఇక పరీక్షల సంగతి. అన్నిటికంటే పాతది, అన్నిటికంటే చవకైనది ముంచి చూడటం. కెమెరా తీసేసి, ఖాళీ పెట్టెలో పొడి టిష్యూ కాగితం పరిచి, మూత బిగించి బకెట్లోనో సిమెంటు తొట్టిలోనో అరగంట ముంచాలి. ముంచగానే బుడగల వరస వస్తుందేమో చూడాలి. మూత అంచున, గుబ్బల కింద చిక్కుకున్న గాలి ఒకటి రెండు బుడగలుగా వచ్చి ఆగిపోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఒకేచోటి నుంచి ఆగకుండా వస్తే మాత్రం లీకే. తీసిన తర్వాత బయట బాగా తుడిచి, ఆరాక తెరిచి, కాగితం మీద తడి మచ్చ ఎక్కడుందో చూస్తే కారణం కూడా చాలాసార్లు దొరుకుతుంది. కొత్త పెట్టె కొన్న డైవర్లు మొదటిసారి దాన్ని ఖాళీగానే, మునగడానికి బరువు పెట్టి, లోతుకు తీసుకెళ్లి తెస్తారు. ఇది మంచి అలవాటు. ఇందులో ఒక లోపం ఉంది. ఖాళీ పెట్టె పరీక్ష నెగ్గాక కెమెరా పెట్టడానికి మూత మళ్లీ తెరవాలి. తెరిచిన మరుక్షణం ఆ పరీక్ష చెల్లదు. కొత్త వెంట్రుక ఒకటి పడి ఉండవచ్చు.

ఆ లోపాన్ని తీర్చింది వాక్యూమ్ పరీక్ష. హ్యూగీఫోట్, నౌటికామ్ వంటి తయారీదారులు పెట్టెలోనే అమర్చిన ఈ ఏర్పాటు ఇప్పుడు మంచి పెట్టెలన్నిటికీ అందుబాటులో ఉంది. కెమెరాతో సహా అన్నీ బిగించాక ఒక చిన్న వాల్వు ద్వారా చేతి పంపుతో కొంత గాలి లాగేస్తారు. లోపలి ఒత్తిడి సుమారు 200 మిల్లీబార్లు తగ్గుతుంది. లోపల ఒక సెన్సరు కనిపెడుతూ ఉంటుంది. ఒత్తిడి నిలకడగా ఉంటే పచ్చ దీపం, పెరుగుతుంటే ఎర్ర దీపం. అరగంట పచ్చగా ఉంటే అదే స్థితిలో, తెరవకుండా, నీళ్లలోకి తీసుకెళ్లవచ్చు. పరీక్షించిన వస్తువే నీళ్లలోకి దిగుతుంది. దీని గొప్పతనమంతా అదే. మీదుమిక్కిలి బయటి గాలి మూతను నొక్కి ఉంచుతుంది కాబట్టి, ప్రమాదం ఎక్కువగా ఉండే ఆ మొదటి మీటర్లలో వలయానికి కావలసిన బిగింపు ముందే దొరుకుతుంది.

సబ్‌మెరైన్ల లోకంలో ఇదే సూత్రం అంతకు ముందు నుంచే ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా సబ్‌మెరైన్లలో మునిగే ముందు తలుపులన్నీ మూసి, లోపలికి కొంత గాలి వదిలి, బారోమీటరు ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూసేవారు. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిచిన ఐఎన్‌ఎస్ కుర్సురాలోకి వెళ్లినవాళ్లు, ఒక గది నుంచి ఇంకో గదికి వంగి దూరే ఆ గుండ్రటి తలుపుల అంచులను చూసే ఉంటారు. ఒక్క అంచు సరిగా మూసుకోకపోతే ఏమవుతుందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

గాలి లాగే బదులు నింపితే? సైకిల్ షాపులో పంక్చరు వేసే అబ్బాయి ట్యూబులో గాలి కొట్టి తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ వస్తుందో చూసినట్టు, కెమెరా పెట్టెనూ చూడవచ్చు కదా అనిపిస్తుంది. మురుగు కాలువల పైపుల్లో తిప్పే కెమెరాలు కొన్నింటిని నైట్రోజన్ నింపే తయారుచేస్తారు, లోపలి ఒత్తిడి తెర మీద కనిపిస్తుంటుంది. అవి అందుకోసమే కట్టినవి. డైవరు పెట్టె బయటి నుంచి నొక్కుడు తట్టుకోవడానికి కట్టినది. లోపలి నుంచి తోస్తే దాని మూత, గాజు వలయం మీంచి పైకి లేస్తాయి. లీకు లేనిచోట లీకు కనిపిస్తుంది, కొన్నిసార్లు గాజే ఎగిరి వస్తుంది. ఇంట్లో కంప్రెసరు ఉంది కదా అని ఈ ప్రయోగం చేయకపోవడమే మంచిది.

వాక్యూమ్ పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చు? బోరు కెమెరా దగ్గరకొచ్చేసరికి అసలు చర్చ ఇక్కడే. 200 మిల్లీబార్ల తేడా అంటే రెండు మీటర్ల నీటి లోతుతో సమానం. రెండు మీటర్ల పరీక్షతో 120 మీటర్లకు హామీ ఎలా ఇస్తాం? ఇందులో గాలికి, నీటికి ఉన్న ఒక తేడా కొంత మేలు చేస్తుంది. నీటి జిగట గాలికంటే 45 నుంచి 50 రెట్లు ఎక్కువ. అందువల్ల అదే సన్నటి సందులోంచి, అదే ఒత్తిడికి, 50 సీసీల గాలి దూరే సమయంలో ఒక్క సీసీ నీరే దూరుతుంది. గాలితో చేసే పరీక్ష నీటితో చేసే పరీక్షకంటే అంత సున్నితం. రుషికొండ డైవరు 20 మీటర్లు దిగితే ఒత్తిడి రెండు కిలోలు, పరీక్ష నాటి ఒత్తిడికి పది రెట్లు. యాభై రెట్ల సున్నితత్వం ముందు పది రెట్ల ఒత్తిడి ఓడిపోతుంది. అందుకే డైవర్లకు వాక్యూమ్ పరీక్ష అంత నమ్మకంగా పనిచేస్తోంది. అదే లెక్క 122 మీటర్ల బోరుకు వేస్తే ఒత్తిడి 60 రెట్లవుతుంది. మిగులు మొత్తం హరించుకుపోతుంది. సముద్రంలో సరిపోయే పచ్చ దీపం లోతు బోరులో సరిపోదు. పైగా అంత ఒత్తిడికి గాజు కొద్దిగా వంగుతుంది, కేబులు నలుగుతుంది. పైన లేని సందు కింద పుట్టవచ్చు.

అలాగని వాక్యూమ్ పరీక్షను పక్కన పెట్టనక్కర్లేదు. బోరు కెమెరా గొట్టంలో ఖాళీ చాలా తక్కువ. రెండు లీటర్ల ఖాళీ ఉన్న పెట్టెలో 10 సీసీల గాలి చొరబడితే ముల్లు ఐదు మిల్లీబార్లే కదులుతుంది. 200 సీసీల గొట్టంలో అదే గాలి ముల్లును 50 మిల్లీబార్లు కదిలిస్తుంది. చిన్న గొట్టానికి ఈ పరీక్ష మరింత పదునుగా పనిచేస్తుంది. కొరతల్లా చాలా బోరు కెమెరాలకు వాల్వే ఉండదు. తయారు చేయించుకునేవాళ్లు మొదట అడగవలసింది ఆ వాల్వు.

చింతలపూడి ఎండలో ఈ పరీక్షకు ఇంకో చిక్కు ఉంది. మూసిన గాలి వేడెక్కితే దాని ఒత్తిడి పెరుగుతుంది. 800 మిల్లీబార్ల దగ్గర ఉన్న గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే రెండున్నర మిల్లీబార్లకు పైగా పెరుగుతుంది. మే నెలలో నీడలో పంపు కొట్టి పెట్టెను ఎండలోకి తెస్తే, పది డిగ్రీల తేడాకు 27 మిల్లీబార్ల పెరుగుదల కనిపిస్తుంది. లీకు లేకుండానే లీకు ఉన్నట్టు చూపిస్తుంది. దీనికి తలకిందులైన పరిస్థితి ఇంకా ప్రమాదకరం. ఎండలో కాలిన గొట్టానికి పంపు కొట్టి చల్లటి మోటారు షెడ్డులో పెడితే, లోపలి గాలి చల్లబడుతూ ఒత్తిడి తగ్గుతుంటుంది, మరోపక్క లీకు గాలి చొరబడి పెంచుతుంటుంది. రెండూ కలిసి ముల్లు నిలకడగా నిలబడుతుంది. లీకు దాక్కుంటుంది. పరీక్ష తెల్లవారుజామున చేయడం, లేదా గొట్టాన్ని నీళ్ల తొట్టిలో ఉంచి అరగంట ఆగాకే గేజు చదవడం మొదలుపెట్టడం దీనికి విరుగుడు. కెమెరా, దీపాలు ఆపి ఉంచాలి, అవి కూడా వేడి పుట్టిస్తాయి.

తడి అలారాలు పరీక్ష కిందికి రావు. లోపల రెండు లోహపు బిందువులు, వాటి మధ్య నీరు చేరితే కరెంటు పారి దీపం వెలుగుతుంది. నీరు వచ్చేసిందని చెప్పడమే దాని పని. డైవరు అది చూసి వెంటనే పైకి వస్తాడు, ఒక చెంచా నీటితో బయటపడతాడు. బోరు కెమెరాలో ఆ సూచన తెర మీదికి వచ్చేలా అమరిస్తే, కేబులు చుట్టేయడానికి నాలుగైదు నిమిషాల గడువైనా దొరుకుతుంది. ఉంటే మంచిదే. దాన్ని చూసుకుని ముందు పరీక్ష మానేయడం మాత్రం తప్పు.

డైవర్ల పద్ధతుల్లో ఎక్కడా పెద్దగా కనిపించని సమస్య బోరు కెమెరాకు ఉంది. అది కేబులు. డైవరు పెట్టెకు సాధారణంగా వెనక తీగ ఉండదు. బోరు కెమెరా బతుకంతా తీగ మీదే. కేబులు పైతొడుగు కేసింగు అంచుకు రాసుకుని ఎక్కడో ఒకచోట చీరుకుపోతుంది. ఆ చీలిక కెమెరాకు యాభై అడుగుల పైన ఉండవచ్చు. నీరు ఆ చీలికలో దూరి, తొడుగుకూ తీగలకూ మధ్య ఉన్న సందు వెంట ఒత్తిడి తోస్తున్నకొద్దీ కిందికి జారి, నేరుగా కెమెరా గొట్టంలో తేలుతుంది. గొట్టం మూత, గాజు, వలయాలు అన్నీ భేషుగ్గా ఉంటాయి. లోపల నీరు. బాగుచేసేవాడు వలయాలు మార్చి ఇస్తాడు, మళ్లీ అదే కథ. మోటారు కేబులు జాయింటు దగ్గర నీరు ఎక్కి షార్టు అవడం ఎరిగిన మెకానిక్కులకు ఈ దారి తెలిసిందే.

దీన్ని పట్టాలంటే కేబులును వేరుగా చూడాలి. చుట్ట విప్పుతూ పొడవునా తడి గుడ్డతో తుడుస్తూ వేళ్లతో తడమాలి. చీలిక ఉన్నచోట గుడ్డ పట్టుకుంటుంది. తర్వాత చుట్ట మొత్తాన్ని రెండు కొసలూ పైన ఉంచి తొట్టిలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో తీగలకూ తొట్టి నీటికీ మధ్య నిరోధం కొలవాలి. కెమెరా తగిలించి ఉండగా మెగ్గర్ పెట్టకూడదు, దాని వోల్టేజీకి సర్క్యూటు కాలిపోతుంది. గొట్టంలోకి తీగ దిగేచోట రబ్బరు గ్లాండు ఒక్కటే సరిపోదు. తీగల పొరలు విప్పి, ఒక్కొక్క తీగ చుట్టూ ఎపాక్సీ పోసి దిమ్మలా కట్టేస్తే, కేబులు వెంట జారి వచ్చిన నీరు అక్కడితో ఆగుతుంది. కొత్త కెమెరా కొనేటప్పుడు గాజు మందం గురించి అడిగేవాళ్లున్నారు, ఈ దిమ్మ గురించి అడిగేవాళ్లు అరుదు. అడగాలి.

లోతు బోరుకు నిజమైన పరీక్ష నీటి ఒత్తిడి పరీక్షే. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తన యంత్రాలను సముద్రంలోకి పంపేముందు ఒత్తిడి గదుల్లో పెట్టి నొక్కి చూస్తుంది. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లడానికి ఆ సంస్థ తయారుచేస్తున్న మత్స్య-6000 మీద పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 600 కిలోలు. బోరుకు కావలసింది అందులో యాభయ్యో వంతు. ప్లంబర్లు, డ్రిప్ పైపులు వేసేవాళ్లు లైను పరీక్షకు వాడే చేతి హైడ్రో టెస్ట్ పంపు ఆ ఒత్తిడిని సులువుగా ఇస్తుంది. మందమైన స్టీలు గొట్టం, రెండు వైపులా బోల్టులతో మూతలు, ఒక మూతలో కేబులు దారి, ఒక గేజు ఉంటే పరీక్ష పాత్ర తయారైనట్టే. కెమెరాను లోపల పెట్టి నీళ్లు నింపి, గాలి పూర్తిగా తీసేసి, పని చేయబోయే ఒత్తిడికి నాలుగో వంతు ఎక్కువ ఇచ్చి, అంటే 12 కిలోల బోరుకు 15 కిలోలు, అరగంట ఉంచాలి. కెమెరా తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు. పాత్రలో గాలి ఉండకూడదన్నది ప్రాణాలకు సంబంధించిన మాట. పాత్ర పగిలితే నొక్కిన నీరు చిమ్మి ఆగిపోతుంది, నొక్కిన గాలి మాత్రం మూతను బుల్లెట్టులా విసురుతుంది. పాత్రను తెలిసిన ఫాబ్రికేటరు చేతే చేయించాలి.

పాత్ర లేనివాళ్లకు మెట్లు మెట్లుగా దించడమే మార్గం. నీటిమట్టానికి పది అడుగుల కింద పది నిమిషాలు ఆపాలి. పైకి తెచ్చి తుడిచి, గాజు లోపల టార్చి వేసి చూడాలి. తర్వాత యాభై అడుగులు, మళ్లీ ఆపడం. తెర మీద మూలల్లో పొగలా ఏదైనా మొదలైతే ఇంకొక్క పది అడుగులు అన్న ఆశ పెట్టుకోకుండా చుట్టేయాలి. ఇలా చేస్తే అదనంగా ఒక గంట పడుతుంది. ఆ గంటకు విలువ కట్టేముందు దాని వెనక ఖర్చు గుర్తుచేసుకోవాలి. కెమెరా దిగాలంటే ముందు ముక్కాలి గొలుసు కట్టి, పైపులన్నీ ఒక్కొక్కటిగా విప్పి మోటారు పైకి తీయాలి. నీరు తేటపడటానికి ఒక రోజు వదలాలి. ఇంత చేశాక కెమెరాలోకి నీరెక్కితే కూలి, రోజు రెండూ పోయినట్టే.

చింతలపూడి నేల స్వభావం వల్ల ఆ నష్టం ఇంకా పెద్దది. ఈ ప్రాంతం గోదావరి లోయ గోండ్వానా శిలల్లో భాగం, భూగర్భ శాస్త్రంలో చింతలపూడి పేరు మీదే ఒక ఉపబేసిన్ ఉంది, కింద బొగ్గు పొరలు కూడా ఉన్నాయి. ఇసుకరాయిలో వేసిన బోరుకు గట్టి రాయిలో లాగా పైన నాలుగు పైపులు దించి ఊరుకోవడం కుదరదు. అడుగు దాకా కేసింగు, నీరు వచ్చే పొరల ఎదుట సన్నటి చీలికల పైపులు కావాలి. ఇసుక వస్తోందంటే ఏ పైపు చిట్లింది, ఏ చీలిక పూడింది అన్నది కెమెరా చూసి చెప్పాలి. లోపల చెమ్మ పట్టిన గాజులోంచి చూస్తే పూడిన చీలికకూ మసక బొమ్మకూ తేడా తెలియదు. బాగుచేస్తే పోసే బోరును చచ్చిందని వదిలేసి, లక్షలు పోసి పక్కన ఇంకోటి వేసే ప్రమాదం అక్కడుంది. ఈ వ్యాసం ఇంత పట్టుగా లీకుల గురించి మాట్లాడటానికి కారణం అదే.

మసక అన్నది ప్రతిసారీ లీకు వల్లే రాదు. విశాఖ తీరంలో ఉక్కపోత గాలిని పెట్టెలో మూసి చల్లటి నీటిలోకి దించితే, ఆ గాలిలోని తేమ గాజు మీద మంచులా పడుతుంది. పైకి తెచ్చి కాసేపు ఉంచితే పోతుంది. లీకు నీరు పోదు, చుక్కలుగా కిందికి చేరుతుంది. పెట్టెను ఏసీ గదిలో మూయడం, లోపల ఆరబెట్టిన సిలికా జెల్ పొట్లం పెట్టడం తేమకు మందు. ఎండాకాలపు పొడి గాలిలో మూసిన గొట్టంలో తడి కనిపిస్తే మాత్రం ముందు లీకునే అనుమానించాలి.

వరదలో ఉన్న నదుల్లో ఈ చర్చకు విలువ తక్కువ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట బోటు మునిగినప్పుడు, దాన్ని వెతకడానికి సోనార్ పరికరాలు కావలసి వచ్చాయి. వరద గోదావరి బురదలో ఎంత పొడిగా ఉన్న కెమెరా అయినా చూసేదేమీ ఉండదు. 

ఫోన్ల గురించి రెండు ముక్కలు. నీటిని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు ఉన్నంత మాత్రాన ఫోను డైవింగ్ కెమెరా అయిపోదు. ఆ పరీక్ష కొత్త ఫోనుకు, కదలని మంచినీటిలో, తయారీదారు చెప్పిన లోతుకు, చెప్పిన సమయానికే చేసినది. కిందపడిన, బ్యాటరీ మార్చిన ఫోనుకు ఆ అంకె వర్తించదు. ప్లాస్టిక్ పౌచ్ వాడేవాళ్లు ఫోనుకు బదులు ముందు టిష్యూ కాగితం పెట్టి ముంచి చూడాలి. గోప్రో హీరో కెమెరాల్లో చాలావరకు 2016లో వచ్చిన హీరో5 నుంచి పెట్టె లేకుండానే పది మీటర్లు తట్టుకుంటాయి. వాటిలో లీకు ఎక్కువగా వచ్చేది చార్జింగు పక్క చిన్న తలుపు నుంచి. అది టప్పున మూసుకుని తాళం పడిందో లేదో చూడటమే వాటికి సగం పరీక్ష.

ఇంత చేసినా నీరెక్కితే కెమెరాను స్విచ్చాన్ చేసి చూడకూడదు. పెట్టెను ముఖానికి దూరంగా పట్టుకుని మెల్లగా తెరవాలి. తడిసిన బ్యాటరీ నుంచి వాయువు పుట్టి లోపల ఒత్తిడి చేరి ఉండవచ్చు. బ్యాటరీ వెంటనే తీసేయాలి. ఉప్పునీరైతే మంచినీటితో కడగాలి, ఉప్పు మిగిలితే లోహాన్ని తినేస్తుంది.

మొత్తం మీద తేలేది ఇది. సముద్రపు డైవరుకు శుభ్రమైన వలయం, తెరవకుండా దించే వాక్యూమ్ పరీక్ష చాలు. లోతు బోరు కెమెరాకు ఆ రెండూ అవసరమే, సరిపోవు. కేబులుకు వేరే పరీక్ష, గొట్టానికి నీటి ఒత్తిడి పరీక్ష జరగాలి. ఒక్కొక్క బోరు కెమెరా మనిషి సొంతంగా పరీక్ష పాత్ర చేయించుకోవడం బరువే. ఏలూరు జిల్లాలో ఏదో ఒక ఐటీఐ వర్క్‌షాపులో అలాంటిది ఒకటి పెట్టి, చిన్న రుసుముకు ఏడాదికోసారి కెమెరాలను నొక్కి చూసి, తేదీ, ఒత్తిడి రాసిన చీటీ ఇస్తే జిల్లా అంతటికీ సరిపోతుంది. విద్యార్థులకు కూడా అది మంచి పాఠం. అప్పటిదాకా రైతులు చేయగలిగింది ఒకటుంది. మోటారు పైకి తీయించడానికి కూలీలను మాట్లాడుకునే ముందే కెమెరా తెచ్చే మనిషిని అడగండి: ఎన్ని కిలోల ఒత్తిడికి పరీక్షించారు, కేబులు చివరిసారి ఎప్పుడు చూశారు, ఆ తర్వాత గొట్టం తెరిచారా?